ప్రూఫు దాటని వాక్యం

మా బావ ఏమీ తెలియక చేశాడన్నది అబద్ధం. పదోరోజు భోజనాల దగ్గర కనీసం నలుగురు నాతో ఆ మాట అన్నారు. పాపం అమాయకుడు, కోర్టులూ కాగితాలూ తెలియనివాడు, తల్లి కోసం ఏదో తెలియక చేసేశాడు అని. చనిపోయిన మనిషిని కాపాడడానికి మనవాళ్లకు తెలిసిన దారి ఒక్కటే, అతన్ని వెర్రివాణ్ని చేయడం. వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసి, కాగితం సంగతి ఆయనకు తెలిసినంత మన వంశంలో ఎవరికీ తెలియదు అన్నాను. ఒక పెద్దాయన నా వైపు చూసి, ఇప్పుడు కూడా వాదనేనా అమ్మా అన్నాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?

ఆయన చేసింది ఇది. తన తల్లి చెక్కుల మీద తల్లి సంతకాన్ని మూడేళ్లపాటు తానే పెట్టాడు. ఆ తల్లి నాకు మేనత్త, మా నాన్నకు అక్క. ఆమెకు మతిమరుపు జబ్బు పట్టుకుందని డాక్టరు చెప్పి ఆరేళ్లయింది. మామయ్య హార్బరులో గుమాస్తాగా చేసి పోయాడు. ఆయన తాలూకు పెన్షను, ఒక డిపాజిట్టు అత్త ఒక్కదాని పేరు మీదే ఉన్నాయి. ఆ డబ్బు ఆమెది, ఖర్చూ ఆమెదే. పగలంతా చూసుకునే సెల్వి జీతం, మందులు, డైపర్లు. కానీ సంతకం చేయాల్సిన మనిషికి చెక్కంటే ఏమిటో తెలియని రోజు వచ్చింది. అప్పుడు చట్టప్రకారం ఒక దారి ఉంది. హైకోర్టుకు పోయి, మా అమ్మకు మతి స్థిరంగా లేదు, నన్ను గార్డియనుగా వేయండి అని రాసి ఆ రాత కింద సంతకం పెట్టాలి. బావ ఆ సంతకం పెట్టలేదు. దానికి బదులు తల్లి సంతకం పెట్టాడు. ఇందులో తెలియకపోవడం ఎక్కడుందో నాకు ఎవరైనా చూపించాలి.

రెండో కథ మా వదినది, అంటే బావ చెల్లెలిది. టి. నగర్‌లో ఉంటుంది. ఆమె లెక్కలో ఇది మోసం. ఆ మాటా నేను ఒప్పుకోను. బావ ఒక్క రూపాయి తిన్నాడని నేననను. తినలేదని ప్రమాణం చేయమంటే అదీ చేయను, నేను చూడలేదు. కానీ మోసం చేసేవాడు దాచుకుంటాడు. ఈయన నా ఎదురుగానే పెట్టేవాడు.

చింతాద్రిపేటలో వాళ్ల ఇంటి కింది భాగమే ప్రెస్సు. పెళ్లి శుభలేఖలు తప్ప వేరే పని పట్టేవాడు కాదు. తెలుగులో, అరవంలో, కొందరికి రెండింట్లో. అక్షరాలు ఏర్చి కూర్చే రోజులు పోయి కంప్యూటర్లొచ్చాయి, అచ్చు వేరేచోట వేయించుకొచ్చే రోజులూ వచ్చాయి, అయినా కాలితో తొక్కి తిప్పే పాత ట్రెడిల్ మిషన్ని మూల నుంచి కదిలించలేదు. కవర్ల మీద పేర్లు దాని మీదే వేసేవాడు. చెవి మీద ఎర్ర పెన్సిలు ముక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. పెళ్లిళ్లకు పట్టుపంచె కట్టుకుని వచ్చినా అది చెవి మీదే ఉండేది. కాగితం ఏది చేతిలో పడినా, అది మెనూ కార్డు కానీ, ఆస్పత్రి వాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితం కానీ, ఒకసారి చదివి, తిరగేసి, "ఆగు, ఇంకోసారి చూడనీ" అని మళ్లీ మొదటినుంచి చదివేవాడు. ఆటో వాడు చిల్లర కోసం ఎదురు చూస్తున్నా సరే, రసీదు రెండుసార్లు చదవాల్సిందే. అలాంటివాణ్ని పట్టుకుని కాగితం తెలియదంటారు.

నన్ను ఆయనకివ్వాలన్న మాట ఒకప్పుడు నడిచింది. నేను కాదన్నాను. తనే ముందు కాదన్నానని ఆయన అనేవాడు. ఎవరు ముందో తేలలేదు, ఆయన పెళ్లి చేసుకోనూ లేదు. నా శుభలేఖ మటుకు ఆయనే వేశాడు. ప్రూఫు పట్టుకుని మూడుసార్లు మా ఇంటికి వచ్చి, మా నాన్న చేత ప్రతి పేరు పక్కనా సంతకం చేయించాడు. చివరికి నా ముందు పెట్టాడు.

"నీ పేరు చూసుకో. నీదేనా?"

"కాకపోతే మార్చేస్తావా?"

"నువ్వు సంతకం పెట్టకపోతే నేను మిషన్ తిప్పను. నువ్వు వక్కీలమ్మవి, రేపు నా మీద కేసేస్తావు."

కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే నన్ను ఆయన ముప్పయ్యేళ్లు వక్కీలమ్మ అనే పిలిచాడు.

ఈ సంతకాల పిచ్చికి ఒక కారణం ఉంది. మా ఇళ్లలో అందరికీ తెలుసు, పదోరోజున మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆయనకు ఇరవై ఆరేళ్లప్పుడు అదే పేటలో ఒక బట్టల వ్యాపారి ఇంట పెళ్లికి శుభలేఖ వేశాడు. పెళ్లికొడుకు తాత పేరు ముందు కీ.శే. అని పడింది. తాత బతికే ఉన్నాడు. పోయినవాడు పెళ్లికూతురి తాత, ఆ రెండక్షరాలూ ఒక వరుస పైకి ఎక్కాయి, అంతే. ముసలాయన కార్డు పట్టుకుని తనే నడుచుకుంటూ ప్రెస్సుకు వచ్చి, "ఏం నాయనా, నాకు చెప్పకుండానే నన్ను పంపించేసినావే" అని నవ్వాడట. కాఫీ తాగాడట. బావ కార్డులన్నీ తన ఖర్చుతో మళ్లీ వేసిచ్చాడు. పెళ్లికి వారం ఉందనగా ముసలాయన పోయాడు.

మూడు రోజులు ప్రెస్సు తెరవలేదు. నాలుగో రోజునుంచి ఆ రూలు పెట్టాడు. ఇంటి పెద్ద ప్రూఫు చదివి, ఉన్నవాళ్ల పేరు పక్కన ఒక టిక్కు, లేనివాళ్ల పేరు పక్కన ఒక టిక్కు పెట్టి, కింద సంతకం చేస్తేనే అచ్చు. వాట్సాప్‌లో ఓకే అని పెట్టే ఈ కాలంలో కూడా కాగితం మీద కావాల్సిందే. ఎంతమంది గిరాకీలు విసుక్కుని పోయారో నాకు తెలుసు.

దీని మీద నేను ఆయనతో ఎన్నోసార్లు కొట్లాడాను. ఎనభై నాలుగేళ్ల మనిషి, అప్పటికే రెండుసార్లు గుండెనొప్పి వచ్చినవాడు, నీ అచ్చు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాడా అని.

"అది నువ్వు కాలేజీలో చెప్పు," అనేవాడు. "ఆయనకు ఈడ కాఫీ ఇచ్చింది నేను."

అలాంటి మనిషి తల్లికి జబ్బు వస్తే, ఆ జబ్బుకు కావాల్సిన మందు ఒక కాగితం అయితే, ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కానీ ఎవరమూ ఊహించలేదు.

మొదట్లో దారులు ఉండినాయి. డాక్టరు చెప్పిన కొత్తలో అత్త ఇంకా బాగానే ఉండేది. చెప్పిందే చెప్పేది, పొయ్యి ఆర్పడం మరిచేది, అంతే. బ్యాంకు ఖాతాలో కొడుకు పేరో కూతురి పేరో చేర్చే ఫారం బావ తెచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. అత్త ఫారం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, బల్లమీద పెట్టేసింది.

"నేనుండాను గదా నాయనా. పోయినాక రాసుకోండి."

మామయ్య పోయాక ఆమె మొదటిసారి బ్యాంకుకు పోయి తన పేరుతో ఖాతా తెరిచింది. అయిదో క్లాసు దాకా చదివిన తెలుగు చేత్తో సంతకం చేసింది. ఆ పుస్తకం మీద ఇంకో పేరు చేరడం ఆమెకు ఇష్టంలేదు. బావ ఫారం మడిచి సొరుగులో పెట్టాడు. మళ్లీ అడగలేదు. నేను ఆ రోజే అరిచాను, బతిమాలో బెదిరించో పెట్టించు, తర్వాత ఏడుస్తావు అని. అమ్మను బెదిరించేదా అన్నాడు. ఆ ఒక్క ఫారం ఉంటే తర్వాతి గొడవంతా ఉండేదే కాదని కొన్నాళ్లకు ఒక లాయరు మాతో చెప్పినప్పుడు, నేను అన్నానా లేదా అని బావ వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. నేను చూశాను.

ఫారం పోయినా పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి రాయించుకున్నాడు. దానికి అత్త ఎందుకో ఒప్పుకుంది, బహుశా అందులో ఆమె పేరు ముందు వచ్చినందుకు. అందరం గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం, పవరుంది కదా, ఇంక భయం లేదు అని. ఇది మా ఇంట్లోనే కాదు, ఎన్ని ఇళ్లలో ఇలాగే నమ్ముకుని కూర్చున్నారో. ఇచ్చిన మనిషికి మతి ఉన్నంతవరకే అది చెల్లుతుంది. మతి ఉన్నప్పుడు దానితో పనిలేదు, పని పడ్డప్పుడు అది చెల్లదు. వానలో కరిగిపోయే గొడుగు. ఈ మాట మాకు లాయరు చెప్పేదాకా తెలియదు, చదువుకున్న నాకూ తెలియదు. బావకు తెలిసింది. ఆ కాగితాన్ని తనే రెండుసార్లు చదివి, ఎవరినో అడిగి కనుక్కుని, బ్యాంకు ముందు పెట్టకుండా దాచేశాడు. పెడితే, అమ్మ ఎలా ఉన్నారు సార్ అని అడుగుతారు. అబద్ధం చెప్పాలి, లేదా నిజం చెప్పాలి. ఆయనకు రెండూ చేతకావు.

హైకోర్టు ఎదురు సందులో లాయరు ఆఫీసుకు నన్ను వెంట తీసుకుపోయాడు. అరవాయన, మంచి మనిషి, నిదానంగా మాట్లాడతాడు. డాక్టరు సర్టిఫికెట్టు, చెల్లెలి ఒప్పుదల, ఆస్తి వివరం, ఇవన్నీ పెడితే కోర్టు గార్డియనుగా వేస్తుంది, ప్రతి ఖర్చుకూ జవాబు చెప్పుకోవాలి, కానీ దారి ఇదే అన్నాడు. పిటిషను ముసాయిదా తయారుచేసి ఇచ్చాడు. ఇంగ్లీషులో ఆరు పేజీలు. బావ చెవి మీది పెన్సిలు తీశాడు. నాకు అప్పుడే భయం వేసింది.

రెండో పేజీలో అత్త పేరు, వయసు, చిరునామా, ఆ వెంటనే ఆమె మతి స్థిరంగా లేని వ్యక్తి అన్న మాట ఉంది. బావ ఆ మాట మీద గీత కొట్టి, పైన తన వంకర ఇంగ్లీషులో, మరుపు ఎక్కువైన పెద్దావిడ అని రాశాడు. లాయరు చూసి నవ్వాడు. సార్, మరుపున్నవాళ్లందరికీ కోర్టు గార్డియన్ను వేస్తే ముందు నాకే వేయాలి అన్నాడు. మతి లేదని మీరు చెప్పకపోతే కోర్టుకు మీతో పనే లేదు.

"పేరు పక్కన వద్దు సార్," అన్నాడు బావ. "వేరే యాడన్నా, కిందెక్కడన్నా పెట్టండి."

లాయరు నిజంగానే దాన్ని నాలుగో పేజీకి దించి రెండోసారి పంపాడు. అక్కడా గీత కొట్టాడు. మూడోసారి పంపితే తిప్పి పంపనేలేదు. ఆరేడు వారాలకు లాయరు నాకు ఫోన్ చేసి, మేడమ్, మీ బంధువు పెళ్లి కార్డు అనుకుంటున్నారా అన్నాడు. అవును సార్, అదే అనుకుంటున్నారు అన్నాను.

సంతకాలు మొదలైంది ఆ తర్వాతే.

ప్రతి ఆదివారం నేను పెరంబూరు నుంచి పోయేదాన్ని. సెల్వికి ఆదివారం సెలవు. ఎన్నూరు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చే మనిషి, వారానికి ఒక్కరోజైనా తన ఇల్లు తను చూసుకోవాలి కదా. నేను పోయేసరికి బావ అత్తకు తల దువ్వి కొప్పు వేస్తుండేవాడు. ఆ కొప్పు ఎప్పుడూ చెవి మీదికి జారేది. పెరుగన్నం పెడితే అత్త ఒక ముద్ద మింగి, రెండో ముద్ద జాగ్రత్తగా తీసి పళ్లెం అంచున పెట్టేది. "తిప్పి పంపింది," అని బావ ఆ ముద్దలో కాస్త ఉప్పు కలిపి మళ్లీ పెట్టేవాడు. అప్పుడు తినేది. ఏం తోచక గొణుగుతుంటే కిందికి తెచ్చి ట్రెడిల్ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం లేకుండా ఉత్తి మిషన్ తిప్పేవాడు. ఆ చప్పుడు వింటూ ఆమె నిద్రపోయేది. అరగంట, గంట, కాలు ఆడిస్తూనే ఉండేవాడు. నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. ఆ గదిలో ఆ చప్పుడుకు నాకు పిచ్చెక్కేది. దేన్నయినా పట్టుకుని గొడవ పెట్టుకునేదాన్ని.

ఒకసారి పెన్షను కోసం, ఈమె బతికే ఉంది అని చూసి రాసుకోవడానికి బ్యాంకు అమ్మాయి ఇంటికి వచ్చింది. వేలు పెట్టే చిన్న మిషన్ తెచ్చింది. అత్త వేళ్ల గీతలు అరిగిపోయి మిషన్ ఒప్పుకోలేదు. సరే పాటీ, సంతకం పెట్టండి అని అరవంలో అవ్వను పిలిచినట్టు పిలిచి ఫారం ఇచ్చింది. ఆ రోజు అత్తకు ఏ గాలి వీచిందో, కలం పట్టుకుని గీసింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మూడోది సగంలో ఆగిపోయింది. బ్యాంకు రికార్డులోని సంతకంతో పోల్చి చూసి, ఆ అమ్మాయి మెల్లగా ఇది కలవడం లేదు సార్ అంది. ఫోనులో ఇంకేదో చూసింది. మునుపటి నెల చెక్కు కాబోలు. అది రికార్డుతో అచ్చు గుద్దినట్టు కలిసింది. అత్త చేత్తో అత్త పెట్టింది చెల్లలేదు, కొడుకు పెట్టింది చెల్లింది. ఆ అమ్మాయి బావను చూసింది. బావ నేలను చూశాడు. ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకుని, లేచి చెప్పులు వేసుకుంటూ, సార్, తొందరగా కోర్టుకు పోండి, నేను ఎప్పుడూ ఈ బ్రాంచిలోనే ఉండను అని వెళ్లిపోయింది.

నేను ఆ సాయంత్రం ఆయన్ను వదల్లేదు.

"ఇది నేరం, తెలుసా?"

"తెలుసు."

"పట్టుకుంటే?"

"నేను పోతా లోపలికి. అమ్మ పేరు పక్కన ఆ మాట ఉండదు గదా."

"నువ్వు లోపలికి పోతే ఆమెకు ముద్ద ఎవరు పెడతారు? ఆ మాట పెడుతుందా?"

కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు. నేను ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. ఇదంతా అత్త పరువు కోసం కాదు, నీ భయం కోసం, నువ్వు రాస్తే జరిగిపోతుందని భయం, ఆల్రెడీ జరిగిపోయింది బావా, ఆమెకు నీ పేరు తెలియదు అన్నాను. అత్త పక్కనే కూర్చుని ఉంది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఎందుకమ్మా కొట్టాడుకుంటారు, ఎవరి పెండ్లి?" అంది.

బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఈ సంవత్సరం మొదట్లో ఒక మధ్యాహ్నం ప్రెస్సులో కవర్లు కట్టలు కడుతూ బావ కుర్చీలోంచి ఒరిగిపోయాడు. అరవై మూడేళ్లు. పైన అత్త ఉంది, సెల్వి ఉంది. చెక్కుబుక్కులో ఇంకా ఖాళీ చెక్కులు ఉన్నాయి, కానీ సంతకం పెట్టే చేయి పోయింది. అలా అందరికీ తెలిసిపోయింది. వదిన బ్యాంకుకు పోయి అడిగితే, అమ్మగారే సంతకాలు పెడుతున్నారు కదండీ అన్నారట. వదిన ఆ రోజు నాకు ఫోన్ చేసి అన్న మాటలు మోసం అన్న మాట కన్నా ముందువి, నాకు అవే గుర్తున్నాయి.

"నాకూ అమ్మే గదే. ఒక్క మాట అడిగుంటే నేను పెట్టనా ఒప్పుదల? మూడేండ్లు నన్ను పరాయిదాన్ని చేసినాడే."

సెల్వి జీతం సంగతి చూద్దాం వదినా అన్నాను.

సెల్వి జీతం ఇప్పుడు వదినా నేనూ చెరిసగం ఇస్తున్నాం. రెండు నెలలు ఆలస్యమైనా ఆమె రావడం మానలేదు. కానీ ఇలా ఎన్నాళ్లు? డిపాజిట్టు అక్కడే ఉంది, పెన్షను నెలనెలా పడుతోంది, ఆమె ఉన్నంతకాలం పడుతుంది, ఒక్క పైసా ఆమెకు అందదు. ఇంట్లో ఉంచి చూసుకోలేకపోతే ఎక్కడో హోములో చేర్చాలి. అత్తకు ఆ మిషన్ మూల తప్ప ఇంకెక్కడా నిద్ర రాదు. తిప్పేవాడు లేకపోయినా పోయి దాని పక్కనే కూర్చుంటుంది. కాబట్టి మళ్లీ అదే లాయరు దగ్గరికి పోయాం. పిటిషను ఈసారి వదిన పేరుతో. రెండో పేజీలో, పేరు పక్కనే, ఆ మాట యథాస్థానానికి వచ్చింది. వదిన చదివి రెండు నిమిషాల్లో సంతకం పెట్టేసింది. ఏమీ జరగలేదు. ఆ మధ్యాహ్నం అత్త పెరుగన్నం ఎప్పటిలాగే తింది. ఇది నేను బావకు చెప్పాలి. చెప్పడానికి ఆయన లేడు.

అంతటితో అయిపోయేదే. కానీ లాయరు నా వైపు తిరిగాడు. చెక్కుల సంగతి కోర్టు ముందు దాచడానికి లేదు, బ్యాంకు అడుగుతుంది, రేపు ఎవరైనా అడుగుతారు అన్నాడు. ఎప్పటినుంచి ఆమెకు తన వ్యవహారం అర్థం కావడం లేదు, కొడుకు సంతకాలు పెట్టడం ఆమె ఎరిగి, సరేనని చేయించుకున్నదా, అసలు ఎరగదా, ప్రతి ఆదివారం ఇంట్లో ఉన్న మనిషి మీరే, మీరు అఫిడవిట్టు ఇవ్వాలి అన్నాడు. ఎరగదంటే మా బావ దొంగసంతకాలవాడు, కోర్టు కాగితాల్లో ఎప్పటికీ. ఎరుగునంటే అది అనుమతి. చట్టం ముందు దానికి ఎంత విలువ ఉంటుందో లాయరే తర్వాత చూసుకుంటానన్నాడు. నేను చూసింది చెబితే చాలట.

నేను చూసింది చెబుతాను.

పోయిన సంవత్సరం ఒక ఆదివారం, భోజనాలయ్యాక, బావ బల్ల దగ్గర కూర్చుని మిగిలిపోయిన శుభలేఖ వెనకవైపు సంతకం అభ్యాసం చేస్తున్నాడు. చెక్కు మీద పెట్టే ముందు నాలుగైదు సార్లు అలా రాసుకోవడం ఆయన పద్ధతి. నేను వంటింటి గడపలో నిలబడి చేతులు తుడుచుకుంటున్నాను. అత్త గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన నిలబడింది. వంగి చూసింది. ఆయన చేయి ఆగిపోయింది. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. బ్యాంకు అమ్మాయి ముందు మూడో అక్షరం పూర్తి చేయలేని మనిషి, ఆయన చేతిని తన చేత్తో కదిపి చివరి గీతను చిన్నగా లాగింది.

"తోక అంత పొడుగు వద్దు నాయనా. నాది పొట్టిది."

బావ తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. అంతలో ఆమె చేయి వదిలేసి, "నువ్వెవరి బిడ్డవప్పా?" అని అడిగింది. ఆయన చెక్కు తీసి, తోక పొట్టిగా పెట్టి, సంతకం చేశాడు. నేను ఏమంది అత్త అని అడిగాను, విననట్టు. కరెక్షన్ చెప్పింది అన్నాడు. నేను అప్పటికే ఆ వారం గొడవకు మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను, అందుకని ఆమె ముఖంలో ఏం చూశావని అడగకుండా వాటిలోకి దిగిపోయాను. ఆ తర్వాత ఇంచుమించు ఏడాదిపాటు ప్రతి ఆదివారం పోయాను, ప్రతి ఆదివారం కొట్లాడాను. ఈ ఒక్కటి అడగలేదు.

సెల్విని అడిగితే, పాటికి అన్నీ తెలుసు, చెప్పదంతే అంటుంది. వదినను అడిగితే, మాకు అక్షరాలు నేర్పిన చేయి, ఎవరు తప్పు రాసినా దిద్దుతుంది, అంతకు మించి ఏమీ లేదు అంటుంది. ఇద్దరూ ఆ రోజు అక్కడ లేరు. నేనున్నాను, కానీ నాకు కనబడింది అత్త వీపు, జారిపోయిన కొప్పు. అఫిడవిట్టు నా బల్ల మీద ఉంది, లాయరు రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎరుగును, ఎరగదు అన్న రెండు మాటల్లో ఏదో ఒకటి నేను కొట్టేసి సంతకం పెట్టాలి. ఆమె ముఖం చూసినవాడివి నువ్వొక్కడివే. నాది అన్నప్పుడు, బావా, ఆ కళ్లలో అత్త ఉందా?